నలభై తొమ్మిదేళ్ల వయసులో బ్యాంకు వదిలి ప్లీడరు కావచ్చునా?

ప్రశ్న: ఒంగోలు బ్యాంకరు

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 1999లో గుమస్తాగా చేరి, తరువాత ఆఫీసరు పరీక్షలు రాసి, ప్రస్తుతం ప్రకాశం జిల్లాలో ఒక శాఖకు సీనియర్ మేనేజరుగా ఉన్నాను. నాకు 49 ఏళ్లు నిండాయి. ఇంకా 11 ఏళ్ల సర్వీసు మిగిలి ఉంది. ఉద్యోగంలో ఎవరితోనూ తగాదా లేదు కనుక, ఇది పై అధికారుల మీద కోపంతోనో టార్గెట్లు భరించలేకనో అడుగుతున్న ప్రశ్న కాదని ముందే మనవి చేస్తున్నాను. టార్గెట్లు భరించలేనివే, కాని అవి ఇరవై ఏళ్లుగా అలాగే ఉన్నాయి.

రెండేళ్ల క్రితం మా బ్యాంకు వేసిన ఒక పాత దావాలో సాక్ష్యం చెప్పటానికి నన్ను కోర్టుకు పంపారు. అప్పు ఇచ్చిన మేనేజరు ఎప్పుడో రిటైరయ్యారు. కాగితాలు చదివి చెప్పగలవాడు కావాలి గనుక నా వంతు వచ్చింది. పీడబ్ల్యు-1గా, అంటే వాది తరఫు మొదటి సాక్షిగా, బోనెక్కి, రుణపత్రాన్ని ఎగ్జిబిట్ ఏ-1గానూ తనఖా కాగితాలను ఏ-2, ఏ-3లుగానూ మార్కు చేయించాను. ఖాతా నకలుకు బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం జతచేసిన సర్టిఫికెట్ మీద మావాళ్లు తేదీ వేయలేదన్న సంగతిని ఎదుటి ప్లీడరుగారు బయటపెట్టినప్పుడు మాత్రం బాగా చెమటలు పట్టాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అవమానంతో అనుకునేరు, కాదు. ఆయన అడిగిన ప్రశ్నల తరువాత అడగవలసినవి ఇంకో మూడు ఉన్నాయనీ, అవి అడిగి ఉంటే నా సాక్ష్యం నిలబడేది కాదనీ తోచి, నా సాక్ష్యాన్ని నేనే ఎలా పడగొట్టవచ్చునో తెల్లవారేదాకా ఆలోచిస్తూ పడుకున్నాను. అప్పటినుంచి వీలైనప్పుడల్లా చట్టాల పుస్తకాలు చదువుతున్నాను. చివరికి మా ఆవిడే ఒకరోజు, "ఇంత చదివేది ఏదో కాలేజీలో కూర్చుని చదవరాదా" అంది.

నేను బీకాం 58 శాతంతో పూర్తిచేశాను. మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరంలో ఉంది, అబ్బాయి పదో తరగతి. ఇంటి అప్పు ఇంకా 11 లక్షలు ఉంది. మా ఆవిడ ఉద్యోగం చేయటం లేదు.

నాకు తెలియవలసినవి ఇవి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరటానికీ, ఆ తరువాత న్యాయవాదిగా నమోదు కావటానికీ వయసు అడ్డు వస్తుందా? ఉద్యోగంలో ఉంటూ ఆ చదువు చదవటం సాధ్యమేనా? 53 ఏళ్లవాణ్ణి జూనియరుగా పెట్టుకునే సీనియరు ఉంటారా? అన్నిటికీ మించి, ఈ వయసులో ఈ దారి పట్టినవారెవరైనా ఉంటే, వారు ఏమి పోగొట్టుకున్నారో దాచకుండా చెప్పగలరా? బాగుపడిన సంగతులు ఎలాగూ అందరూ చెబుతారు.


జవాబు: పాత తెలుగు టీచరు, కరీంనగర్

మీ మొదటి ప్రశ్నకు నేనే జవాబు. ఒక ప్రైవేటు హైస్కూల్లో 19 ఏళ్లు తెలుగు చెప్పి, 42వ ఏట లా కాలేజీల ప్రవేశపరీక్ష లాసెట్ రాసి, 46వ ఏట నల్లకోటు వేసుకున్నాను. ఆరేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను.

వయసు గురించి చాలామందికి ఉన్న భయం పూర్తిగా నిరాధారమైనది కాదు. 45 ఏళ్లు నిండినవారిని న్యాయవాదులుగా నమోదు చేయరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒకప్పుడు నిజంగానే నియమం పెట్టింది. సుప్రీంకోర్టు 1995లో దాన్ని కొట్టివేసింది. ఎప్పుడో యవ్వనంలో పేరు నమోదు చేయించుకుని, ఉద్యోగానికి వెళ్లిపోయి, ముసలితనంలో తిరిగి వచ్చినవారిని అనుమతిస్తూ, అదే వయసులో మొదటిసారి వచ్చేవారిని ఆపటం వివక్షే అవుతుందని కోర్టు భావించింది. 2016లో మూడేళ్ల కోర్సులో చేరటానికి 30 ఏళ్ల పరిమితిని మళ్లీ తెచ్చినప్పుడు కూడా మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల లాసెట్‌లకూ వయోపరిమితి లేదు. డిగ్రీలో 45 శాతం ఉండాలి, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. మీకు ఆ చిక్కు లేదు. పరీక్షలో 90 నిమిషాలకు 120 ప్రశ్నలు వస్తాయి, తెలుగులోనూ ఉంటాయి, తప్పు రాస్తే మార్కులు తీసివేయరు. రోజూ వార్తాపత్రిక చదివే బ్యాంకు ఆఫీసరుకు దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

జూనియరుగా చేరటం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మా సీనియరుగారు నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నవారు. మొదటిరోజే ఆయన, "మిమ్మల్ని నేను ఏమని పిలవాలో ముందు తేల్చండి, ఎందుకంటే పని చెప్పేటప్పుడు మొహమాటపడితే కేసు పాడవుతుంది" అన్నారు. "మేడమ్ అనండి, కాని తప్పుచేస్తే అందరినీ అన్నట్టే అనండి" అన్నాను. ఆయన మాట నిలబెట్టుకున్నారు, రెండో భాగం మరీ శ్రద్ధగా. మీరు 26 ఏళ్లుగా సంతకం పెట్టి పనులు నడిపించినవారు. రేపు పాతికేళ్ల కుర్రవాడితో సమానంగా కట్టలు మోసుకుని, కోర్టు ఆఫీసువాళ్లు అభ్యంతరాలతో రిటర్న్ వేసిన ప్లెయింటును, అంటే దావా పత్రాన్ని, సరిచేసి మళ్లీ వేయటానికి కిటికీ దగ్గర నిలబడవలసి ఉంటుంది. నాతోపాటు చేరిన ఒక విశ్రాంత అధికారి సరిగ్గా ఆ కిటికీ దగ్గరే ఆగిపోయారు. "నేను ఎవరినో తెలుసా" అన్న మాట ఆయన నోటివెంట ఒక్కసారే వచ్చింది, కాని ఆ ఒక్కసారి తరువాత ఆయన కాగితం ఎప్పుడూ అడుగునే ఉండేది.

నా మొదటిరోజు ముచ్చట కూడా చెబుతాను. మా సీనియరు పక్క కోర్టులో వాదనలో ఉండగా మా కేసు పిలిచారు. నేను లేచి పాస్ ఓవర్, అంటే కేసును కాసేపాగి మళ్లీ పిలవమని, అడగాలి, అంతే. అలవాటుకొద్దీ తరగతి గదిలో పిల్లల అల్లరి అణచే గొంతుతో అడిగాను. జడ్జిగారు తలెత్తి, "వెనక బెంచీదాకా వినబడనక్కరలేదమ్మా" అన్నారు. హాలంతా నవ్వారు. తరువాత చాలాకాలం నన్ను అందరూ టీచరమ్మ అనే పిలిచారు, ఇప్పుడు కక్షిదారులు ఆ పేరుతోనే వెతుక్కుంటూ వస్తున్నారు.

పాత వృత్తి కొత్త వృత్తిలో ఎక్కడ పనికివస్తుందో ముందుగా ఊహించలేము. నేను వాక్చాతుర్యం పనికివస్తుందనుకున్నాను, పనికివచ్చింది కాపీరాత. రెండో ఏట మాకు ఒక ప్రోనోటు కేసు వచ్చింది. రెండు లక్షల అప్పు, ప్రతివాది మా కక్షిదారు. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కనుక, గడువుకు నాలుగు రోజుల ముందు 500 రూపాయలు జమ అయినట్టు నోటు వెనక చెల్లు రాసి, కింద మావాడి సంతకం ఉంది. అప్పు తీసుకున్నవాడు స్వయంగా రాసిందో, సంతకం చేసిందో అయితేనే అలాంటి చెల్లు గడువును పొడిగిస్తుంది. మావాడు ఆ 500 ఇవ్వలేదంటాడు, కాని ఏ ప్రతివాది అయినా అదే అంటాడు. నేను నోటును ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తుంటే ముందువైపు సంతకంలో 'య' వత్తు తోక కిందికి జారి ఆగిపోయింది, వెనకవైపు సంతకంలో అదే తోక సున్న చుట్టి పైకి లేచింది. పందొమ్మిదేళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దినవాళ్లకు రెండు చేతులు రాసినవని అది చూడగానే తెలుస్తుంది. మా సీనియరుగారు భూతద్దం పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా, నిపుణుల పరీక్షకు పంపమని పిటిషను తయారుచేయమన్నారు. నివేదిక రాకముందే అవతలివారు లోక్ అదాలత్‌లో రాజీకి వచ్చారు కనుక నేను గెలిచానని చెప్పుకోవటానికి లేదు.

ఏమి పోగొట్టుకున్నావని అడిగారు. మొదటి మూడేళ్లు నా సంపాదన నా బస్సు ఛార్జీలకు, ఫోటోస్టాట్లకు సరిపోయేది. మా ఇంట్లో రెండో జీతం ఉంది కాబట్టి గడిచింది. మీ ఇంట్లో అది లేదన్నారు, అందుకని నా కథను మీ కథకు అలాగే అతికించుకోకండి.


జవాబు: వీఆర్‌ఎస్ తీసుకున్నవాడు, గుంటూరు

నేను ప్లీడరును కాలేదు. 54వ ఏట బ్యాంకు వదిలి, కడియం వెళ్లి రెండేళ్లు మొక్కల పెంపకం నేర్చుకుని, ఇప్పుడు సొంత నర్సరీ నడుపుతున్నాను. అందుచేత న్యాయశాస్త్రం జోలికి పోకుండా మీరు బ్యాంకు గుమ్మం దాటే పద్ధతి గురించి మాత్రమే చెబుతాను.

దయచేసి మీ ఉత్తరంలో "రాజీనామా" అన్న మాట రాయకండి. మీరు 1999లో చేరారు గనుక 1995 నాటి పింఛను నిబంధనల కిందికి వస్తారు. 20 ఏళ్ల అర్హమైన సర్వీసు నిండినవారు మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ కోరవచ్చునని 29వ నిబంధన చెబుతుంది. అలా వెళితే పింఛను వస్తుంది. అదే మనిషి, అదే రోజు, అదే సర్వీసుతో రాజీనామా చేసి వెళితే గత సర్వీసంతా రద్దయినట్టు లెక్క. నా స్నేహితుడొకడు, వేరే బ్యాంకులో 24 ఏళ్లు చేసినవాడు, కోపంలో తెల్లకాగితం మీద రెండు పంక్తుల రాజీనామా రాసి ఇచ్చి వచ్చేశాడు. పింఛను దరఖాస్తు తిరిగి వచ్చినప్పుడు గాని తాను రాసినదేమిటో అతనికి తెలియలేదు. ఆ ఒక్క మాటను సరిచేసుకోవటానికి ఏళ్లు పట్టింది. మీరు చట్టం చదవబోతున్నారు కనుక మీ మొదటి పాఠ్యపుస్తకం మీ సర్వీసు నిబంధనలే కావాలి.

ఇక లెక్క. పూర్తి పింఛనుకు 33 ఏళ్ల సర్వీసు కావాలి. మీకు 26 ఉన్నాయి. స్వచ్ఛంద విరమణకు వెళ్లేవారికి, మొత్తం 33 దాటకుండా, ఐదేళ్ల వరకు సర్వీసు కలుపుతారు. అంటే ఈనాడు వెళ్లినా 33కి 31 వంతుల దగ్గర ఉంటారు. ఇంకో రెండేళ్లు ఆగితే పూర్తి 33 అవుతుంది. ఇది వినటానికి బాగానే ఉంటుంది, కాని మోసపోకండి. పింఛను మీ చివరి జీతం మీద కడతారు, మిగిలిన 11 ఏళ్లలో రాబోయే ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, వేతన ఒప్పందాలు అందులోకి రావు. పైగా బ్యాంకు పింఛను మూలం తరువాతి వేతన సవరణలతో పెరగదు. కరువు భత్యం ఒక్కటే కదులుతుంది. రిటైరైనవారి వైద్యబీమా ప్రీమియం మన జేబులోంచే కట్టాలి, అది ఏటేటా ఎలా పెరుగుతోందో మీ శాఖకు వచ్చే పింఛనుదారులను అడిగితే వాళ్లే కన్నీళ్లతో చెబుతారు.

స్టాఫ్ గృహరుణం మీద ఉన్న రాయితీ వడ్డీ మీరు బయటికి వచ్చాక ఏమవుతుందో హెచ్‌ఆర్ విభాగంతో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఫోనులో చెప్పినది పనికిరాదు. మరొక మాట: నోటీసు ఇచ్చాక మనసు మార్చుకుంటే, విరమణ తేదీకి ముందే ఉపసంహరణకు దరఖాస్తు చేసి, ఆమోదం పొందాలి. తలుపు రెండువైపులా తెరుచుకునేది కాదు.

మా ఇంట్లో నేను నర్సరీ అన్నప్పుడు, "బ్యాంకు మేనేజరు మట్టి పిసుకుతాడా" అన్నది మా అత్తగారు. ఇప్పుడు ఆవిడ కుండీలన్నీ నావే.


జవాబు: ముప్పై ఏళ్ల ప్రాక్టీసు, రాజమహేంద్రవరం

ఒంగోలు నుంచి రాస్తున్నారు గనుక ఎవరో ఒకరు మీకు టంగుటూరి ప్రకాశం పంతులుగారిని ఉదాహరణగా చూపిస్తారు. చూపించకముందే చెబుతున్నాను, ఆ పోలిక కుదరదు. ఆయన ముప్పై దాటాక 1904లో బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లిన మాట నిజమే, కాని అప్పటికే మా ఊళ్లో చేతినిండా కేసులున్న ప్లీడరు. సెకండ్ గ్రేడు ప్లీడరు హైకోర్టులో వాదించటానికి వీల్లేదు గనుక వెళ్లారు. అది ఒకే వృత్తిలో మెట్టు ఎక్కటం. మీరు చేయబోయేది ఇల్లు మారటం.

నేను మిమ్మల్ని నిరుత్సాహపరచటం లేదు. మీకు ఈ వృత్తి రాదని కాదు, మీకు వచ్చినదానికి ఎవరు డబ్బిస్తారన్నది చూడండి అంటున్నాను. వయసు మళ్లి వచ్చేవారు సాధారణంగా చేసే పొరపాటు, తమ పాత పరిచయాలన్నీ కక్షిదారులుగా మారతాయనుకోవటం. మీ ఖాతాదారులు మీ కుర్చీకి నమస్కారం పెట్టారు. కుర్చీ దిగాక ఎంతమంది పెడతారో మొదటి సంక్రాంతికి తెలుస్తుంది. పాత బ్యాంకు తన ప్లీడర్ల ప్యానెల్లో చేర్చుకుంటుందనీ ఆశపడకండి. ప్యానెల్ అడ్వకేటుకు కొన్నేళ్ల ప్రాక్టీసు చూస్తారు, మీ మేనేజరు అనుభవం ఆ గడిలో రాయటానికి చోటుండదు. మీరు మంజూరు చేసిన, మీ సంతకం ఉన్న అప్పుల జోలికి ఏ పక్షాన కూడా పోకూడదు. ఒక వైపు రహస్యాలు తెలిసినవాడు రెండో వైపు నిలబడటం ఈ వృత్తిలో క్షమించే తప్పు కాదు.

అయితే మీకు వచ్చినదేమిటి? కోర్టులో సివిల్ పని చేసేవాళ్లలో కూడా ఖాతా చదవటం వచ్చినవాళ్లు అరుదు. తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 13(2) నోటీసు, అంటే బాకీ కట్టమన్న నోటీసు, ఇచ్చినప్పుడు అప్పుదారుకు 60 రోజులు ఉంటాయి. ఆలోగా అతను అభ్యంతరం రాసి ఇస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. మన జిల్లాల్లో జరిగేదేమిటంటే, ఆ నోటీసు బీరువాలో చీరల కింద పెట్టి, గోడకు స్వాధీనపు నోటీసు అంటించిన తరువాత, అదీ పేపర్లో చూసిన బంధువులు ఫోను చేస్తే, ప్లీడరు దగ్గరికి పరుగెత్తి వస్తారు. అప్పటికి డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కు, వెళ్లటానికి ఉన్న 45 రోజుల్లో సగం అయిపోతాయి. ఆ కాగితాలు తెచ్చి నా బల్లమీద పోసినప్పుడు, ఖాతాను మొండిబాకీగా (ఎన్‌పీఏ) చూపిన తేదీ సరైనదేనా, వడ్డీ ఎక్కడ రెండుసార్లు పడింది అన్నది తేల్చటానికి నేను ఒక చార్టర్డ్ అకౌంటెంటుకు డబ్బిచ్చి రెండు రోజులు ఆగుతాను. మీరు గంటలో చెబుతారు. చెక్కు బౌన్సు కేసులూ అంతే: సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక చెల్లించటానికి 15 రోజులు, ఆపైన నెలలోపు ఫిర్యాదు. ఈ తేదీలు తప్పి పోయిన కేసులే ఎక్కువ. ఇవి కాక, ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ, పాత దస్తావేజులైన లింకు డాక్యుమెంట్లు చూసి స్థలం కొనేవారికి లీగల్ ఒపీనియన్ రాసిచ్చే పని ఉంది. పేరు తెచ్చేది కాదు, బియ్యం తెచ్చేది.

ఇక్కడ ఒక తమాషా సంగతి. బ్యాంకుల మీద ఫిర్యాదులకు రిజర్వుబ్యాంకు పెట్టిన ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకంలో, ఫిర్యాదుదారు తరఫున ప్రతినిధి వెళ్లవచ్చు, కాని ఆ ప్రతినిధి న్యాయవాది కాకూడదు. అంటే మీకు బాగా తెలిసిన ఆ పనిని నల్లకోటు లేకుండా చేయవచ్చు, వేసుకున్నాక చేయలేరు. రిటైరైన బ్యాంకు మిత్రులెవరూ దీన్ని పట్టించుకున్నట్టు లేదు.

మీకు అనుకూలమైనది ఇంకొకటి ఉంది. 2024 జులై 1 నుంచి కొత్త నేరచట్టాలు వచ్చాక, ముప్పై ఏళ్లు మోసం కేసును 420 అన్న నోటితో నేను ఇప్పటికీ 318(4) అనటానికి తడబడుతున్నాను. మొన్న బెయిలు పిటిషనులో పాత సెక్షనే టైపు చేయించి రిటర్న్ వేయించుకున్నాను. ఈ విషయంలో మీరూ నేనూ ఇవాళే పలక పట్టినవాళ్లం. సివిల్ ప్రొసీజర్ కోడ్ మాత్రం 1908 నాటిదే, అక్కడ నన్ను అందుకోవటానికి మీకు సమయం పడుతుంది.


జవాబు: న్యాయవాది సనదు పక్కన పెట్టినవాడు, హైదరాబాద్

పోగొట్టుకున్నవాళ్లను అడిగారు కనుక రాస్తున్నాను. నేను మందుల కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివుగా 17 ఏళ్లు తిరిగాను. ఉద్యోగం వదలకుండానే ఎల్‌ఎల్‌బీ చేశాను. ఎలా చేశానని అడిగితే సిగ్గుపడే చెప్పాలి. పరీక్షలకు వస్తే చాలు, హాజరు సంగతి మేము చూసుకుంటామన్న కాలేజీ ఒకటి చూసుకున్నాను. మూడేళ్లలో నేను తరగతి గదిలో కూర్చున్న రోజులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 70 శాతం హాజరు ఉండాలన్నది బార్ కౌన్సిల్ నియమం. అది కాగితం మీద నిండింది. ఇప్పుడు బయోమెట్రిక్ హాజరు పెట్టమని బార్ కౌన్సిల్ కాలేజీలకు ఉత్తర్వులిచ్చింది, విద్యార్థి ఉద్యోగంలో ఉంటే ఆ సంగతి ప్రకటించి అనుమతిపత్రం చూపమంటోంది. నాకు జరిగినట్టు మీకు జరగకపోవచ్చు, జరగకపోవటమే మంచిది.

ఆల్ ఇండియా బార్ పరీక్ష పాసయ్యాను. వంద ప్రశ్నలు, చట్టాల మూలప్రతులు లోపలికి తీసుకుపోవచ్చు, 45 శాతం వస్తే చాలు. అది నాకు ఏమీ రాదన్న సంగతిని నా నుంచే దాచింది. సీనియరు దగ్గర చేరిన మొదటివారం ఒక ఐఏకి, అంటే దావా మధ్యలో వేసే పిటిషనుకు, కౌంటరు రాయమంటే, కౌంటరు అంటే ఏమిటో తెలియక మేడమీద లైబ్రరీలోకి వెళ్లి ఫోనులో వెతుక్కున్నాను. 44 ఏళ్లవాడు అడగటానికి సిగ్గుపడతాడు, పాతికేళ్లవాడు అడిగేస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది. రెండేళ్లకు మిగిలిన పొదుపు అయిపోయింది. ప్రాక్టీసు నిలిపివేస్తున్నట్టు బార్ కౌన్సిలుకు తెలిపి, ఇప్పుడు ఒక కంపెనీలో ఒప్పంద పత్రాలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. జీతం తీసుకుంటూ పూర్తికాల ఉద్యోగం చేసేవాడు ప్రాక్టీసు చేయకూడదు కదా. ఉద్యోగం బాగానే ఉంది. కోర్టు ముందునుంచి బస్సు వెళ్లినప్పుడు మాత్రం నేను అటు చూడను.


ప్రశ్నకర్త: ఒంగోలు బ్యాంకరు

అందరికీ కృతజ్ఞతలు. గుంటూరువారి జవాబు చదివి వెంటనే నా డ్రాయరులో ఉన్న ఉత్తరపు చిత్తుప్రతి తీసి చూశాను. అందులో "రాజీనామా" అనే ఉంది. చింపేశాను.

మీరు చెప్పినవన్నీ కలుపుకుని లెక్క వేస్తే, ఇప్పుడే బయటికి రావటం మా ఇంటికి తగినది కాదని అర్థమైంది. రెండేళ్లు ఆగితే అమ్మాయి చదువు పూర్తవుతుంది, సర్వీసు కలుపుకుని 33 నిండుతాయి, ఇంటి అప్పు సగానికి వస్తుంది. అప్పుడు 51వ ఏట విరమణ తీసుకుని, దొంగహాజరు అవసరం లేకుండా కాలేజీకి వెళ్లి, 54వ ఏట సనదు తీసుకోవచ్చు. ఈ రెండేళ్లలో హాజరుతో పనిలేని చదువు ఏమి చేయవచ్చో, నా ఉత్సాహం నిజమైనదో ఆ ఒక్కరోజు బోను ప్రభావమో ఎలా తేల్చుకోవాలో చెప్పగలరా?


జవాబు: ముప్పై ఏళ్ల ప్రాక్టీసు, రాజమహేంద్రవరం

మంచి లెక్క వేశారు. నమోదు రుసుము గురించి దిగులు పెట్టుకోకండి. జనరల్ అభ్యర్థుల దగ్గర 750 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు ఖర్చు రుసుము కాదు, మూడేళ్ల కాలం.

పరీక్షించుకునే పద్ధతి చెబుతాను. మీకు నిలవ ఉన్న సెలవులో పది రోజులు పెట్టండి. కోర్టులు అందరికీ తెరిచి ఉండేవే, ఎవరి అనుమతీ అక్కరలేదు. హైకోర్టుకు, పెద్ద కేసులకు పోకండి, అక్కడ అందరికీ ఉత్సాహం వస్తుంది. మీ ఊళ్లో జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఉదయం పదిన్నరకు వెనక బెంచీలో కూర్చుని, సాయంత్రం దాకా కదలకండి. మొదటి గంట అంతా వాయిదాలే పిలుస్తారు. సాక్షి రాలేదు, ప్లీడరు రాలేదు, సమన్లు అందలేదు, కాపీ ఇవ్వలేదు. మధ్యాహ్నం ఒక సర్వేయరును గట్టు కొలతల మీద రెండు గంటలు క్రాస్ చేస్తారు. పదో రోజు సాయంత్రానికి మీకు ఆ గట్టు ఎటు వంకర తిరిగిందో తెలుసుకోవాలని ఇంకా అనిపిస్తుంటే మళ్లీ ఇక్కడ రాయండి, ఒంగోలులో నాకు తెలిసిన సివిల్ సీనియరు ఒకరిని పరిచయం చేస్తాను. మధ్యాహ్న భోజనం ఇంటినుంచి తెచ్చుకోండి, సెల్‌ఫోను ఆపేసి కూర్చోండి.


ప్రశ్నకర్త: ఒంగోలు బ్యాంకరు

వచ్చే నెల రెండో సోమవారం నుంచి సెలవుకు దరఖాస్తు పెట్టాను. కారణం గడిలో "సొంత పని" అని రాశాను.